బతకనేర్చినవాళ్ళు

కిందటి నెల మా ఊరి కాలేజీలో విద్యార్థులు ఆర్థర్ మిల్లర్ నాటకం "ఆల్ మై సన్స్" వేస్తే, నేనూ మా ఆవిడా వెళ్ళి చూసి వచ్చాం. ఆ మాట మన సంపాదకులతో ఫోనులో అనడం నాదే పొరపాటు. "అయితే నాలుగు పేజీలు రాసి పంపండి డాక్టరుగారూ, ఈ సంచికకి చందాల లెక్కా పులిహోర కొలతలూ తప్ప ఏమీ రాలేదు" అన్నారు. నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను. గుంటూరులో చదివింది వైద్యం, ఇక్కడ చేస్తున్నదీ అదే. కాని ఆ నాటకంలో ఒక డాక్టరు పాత్ర వుంది. ఇంటికి వచ్చాక కూడా అతను నన్ను వదల్లేదు. అందుకని ఈ నాలుగు ముక్కలు.

నాటకం చూడనివారి కోసం కథ టూకీగా చెబుతాను. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో, అమెరికాలో ఒక చిన్న ఊరు. జో కెల్లర్ అనే అరవయ్యేళ్ళ పెద్దమనిషి ఇంటి పెరడు. ఆయనకి ఒక ఫ్యాక్టరీ వుంది. యుద్ధకాలంలో అందులో మిలిటరీ విమానాల ఇంజన్లకి సిలిండర్ హెడ్లు తయారయ్యేవి. ఒకనాడు వాటిలో పగుళ్ళు కనిపించాయి. భాగస్వామి స్టీవ్ డీవర్ ఫోను చేసి ఏం చెయ్యమంటావని అడిగితే, పగుళ్ళు కనపడకుండా పూడ్చి పంపించెయ్యి, బాధ్యత నాది అన్నాడు కెల్లర్. తాను మాత్రం ఫ్లూ జ్వరమని చెప్పి ఆ రోజు ఫ్యాక్టరీ వైపు పోలేదు. ఆ సరుకు వల్ల 21 మంది పైలట్లు చచ్చిపోయారు. కోర్టులో కెల్లర్ ఆ మాట నేను అననేలేదన్నాడు. ఫోనులో చెప్పినదానికి సాక్ష్యం ఏముంటుంది? అప్పీలులో అతను బయటపడ్డాడు, భాగస్వామి జైల్లో మిగిలాడు.

కెల్లర్ చిన్నకొడుకు లారీ కూడా పైలటే. యుద్ధంలో కనపడకుండా పోయాడు. తల్లి వాడింకా వస్తాడనే కూర్చుంది. పెద్దవాడు క్రిస్, తమ్ముడికి అనుకున్న పిల్లని చేసుకుంటానంటాడు. ఆ పిల్ల ఎవరో కాదు, జైల్లో వున్న డీవర్ కూతురు. ఒక రోజు తిరగకుండానే అంతా బయటపడుతుంది. తండ్రి చేసిన పని పేపర్లో చదివి ఆ సిగ్గు భరించలేక లారీ కావాలనే ప్రాణం తీసుకున్నాడని, ఆ పిల్ల దగ్గర దాచివుంచిన ఉత్తరం చెబుతుంది. చచ్చిపోయినవాళ్ళంతా తన కొడుకులేనని అప్పుడు తెలిసివస్తుంది కెల్లర్‌కి. లోపలికి వెళ్ళి తుపాకీ పేల్చుకుంటాడు.

ఇది పూర్తిగా అల్లిన కథ కాదు. మధ్య పశ్చిమ ప్రాంతం నుంచి వచ్చిన ఒక భక్తురాలు తమ ఇరుగుపొరుగున జరిగిన ముచ్చటగా చెప్పిందట: సైన్యానికి పనికిరాని యంత్రభాగాలు అమ్ముతున్న తండ్రిని కన్నకూతురే ప్రభుత్వానికి పట్టిచ్చింది. మిల్లర్ ఆ కూతుర్ని కొడుకుగా మార్చి నాటకం చేశాడు. అంతకుముందు బ్రాడ్‌వేలో ఆయన వేయించిన నాటకం 1944లో నాలుగే నాలుగు ప్రదర్శనలతో మూతబడింది. ఇది 1947 జనవరిలో ఎలియా కజాన్ దర్శకత్వంలో మొదలై 328 సార్లు ఆడింది.

జనానికి అంత పట్టడానికి కారణం వుంది. ఆ రోజుల్లో అటువంటి సంగతులు పేపర్లలో చదివినవాళ్ళే హాల్లో కూర్చున్నారు. మిస్సోరీ సెనేటర్ హ్యారీ ట్రూమన్ ఆధ్వర్యంలో 1941 నుంచి ఒక సెనేట్ కమిటీ మిలిటరీ కొనుగోళ్ళని తవ్వుతూ వచ్చింది. ఒహాయోలో సిన్సినాటి దగ్గర లాక్‌లాండ్‌లో రైట్ ఏరోనాటికల్ కంపెనీ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ వుండేది. అక్కడ లోపాలున్న ఇంజన్లూ భాగాలూ సైన్యం తనిఖీదార్ల చేతుల మీదుగానే "సరే" అయి బయటికి పోతున్నాయని 1943లో ఆ కమిటీ తేల్చింది. మరుసటి ఏడు ముగ్గురు సైనికాధికారులు విధి నిర్లక్ష్యం చేశారని సైనిక న్యాయస్థానం తీర్పు చెప్పింది. నాటకంలో ఫ్యాక్టరీ యజమాని వున్నాడు. ఈ తనిఖీదార్లు మాత్రం లేరు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ముందు నాటకంలో నాకు అన్నిటికంటే నచ్చింది చెబుతాను. అది చివర పేలే తుపాకీ మాత్రం కాదు. రెండో అంకంలో ఒక చిన్న మాట దొర్లుతుంది. ఆయనకి పదిహేనేళ్ళుగా ఒంట్లో నలత లేదని, భర్త ఆరోగ్యం గురించి గొప్పగా చెప్పబోయి నోరు జారుతుంది కెల్లర్ భార్య. మరి ఆ రోజు ఫ్లూ మాటేమిటి? ఎదురుగా కూర్చున్న డీవర్ కొడుకు ఆ మాట పట్టేసుకుంటాడు. కేసు మొత్తం అక్కడ విడిపోతుంది. డాక్టరుగా ఆ ఘట్టం నాకు ముచ్చటేసింది. రోగి గంటసేపు చెప్పినదాంట్లో బయటపడనిది, భార్య పక్కనుంచి అన్న ఒక్క ముక్కలో బయటపడుతుందని మాకు రోజూ అనుభవమే.

అంతకంటే పెద్ద విషయం ఇరుగుపొరుగుది. పక్కింటి డాక్టరు జిమ్ బేలిస్, అతని భార్య స్యూ, ఇంకా ఆ వీధిలో వాళ్ళంతా కెల్లర్ పెరట్లోకి వస్తూ పోతూ వుంటారు, కబుర్లు చెబుతారు, నవ్వుతారు. కెల్లర్ నేరం చేశాడని ఈ వీధిలో తెలియనివాళ్ళెవరని స్యూ అంటుంది. మరి అందరూ ఆయన ఇంటికి వస్తారేమని అడుగుతుంది ఆ పిల్ల. అందుకు స్యూ ఇచ్చే జవాబు ఏమిటయ్యా అంటే, తప్పించుకున్న తెలివికి ఆయన్ని మెచ్చుకుంటారని.

దీనికి మన భాషలో చక్కటి మాట వుంది: బతకనేర్చినవాడు. "ఆయనేం తక్కువవాడా, బతకనేర్చినవాడు" అంటాం. అందులో తిట్టు ఎంత, మెప్పు ఎంత, అసూయ ఎంత అనేది అన్నవాడి గొంతుని బట్టి వుంటుంది. తిట్టు మాత్రం ఎప్పుడూ అడుగునే వుంటుంది. ఈ నాటకానికి నేను పేరు పెట్టవలసివస్తే ఆ మాటే పెడతాను. మిలిటరీ కొనుగోళ్ళలో అవినీతి వాషింగ్టన్‌లో పుట్టి మన వీధిలోకి రాదు, బతకనేర్చినతనాన్ని మెచ్చుకునే పెరళ్ళలో మొలిచి అక్కడికి పాకుతుంది. ఇది నాటకంలో ఎవరూ నోటితో అనరుగాని, నాకు అర్థమయింది అది.

ఇక లోపాలు. మొదటిది, ఆ ఉత్తరం. మూడేళ్ళు దాచుకున్న ఉత్తరం సరిగ్గా అవసరమైన నిమిషానికి బయటికి రావడం మన పాత సినిమాల్లో పుట్టుమచ్చ వంటిది. రెండోది, ఆత్మహత్య. ప్రేక్షకుడికి అది ఒక విధంగా ఊరట. పాపం చేసినవాడు పోయాడు, లెక్క సరిపోయింది, ఇక ఇంటికి పోదాం అనిపిస్తుంది. లోకంలో కెల్లర్లు కాల్చుకోరు, వకీలుని పెట్టుకుంటారు. మూడోది అన్నిటికంటే పెద్దది. సరుకు అమ్మినవాడు వున్నాడు, సరుకు వల్ల చచ్చినవాళ్ళు వున్నారు, కొన్నవాడు లేడు. ప్రజల డబ్బుతో కొని, సంతకం పెట్టి, "తీసుకున్నాం" అన్న ప్రభుత్వం రంగస్థలం మీదికి రానే రాదు. కెల్లర్ ఒక్కడూ చెడ్డవాడైతే చాలదు కదా, గుమ్మానికి అవతల ఇంకొకడు కూడా వుండాలి. మిల్లర్ రాయని ఆ అంకాన్ని ఈ దేశం తరవాత చాలాసార్లు ఆడింది. రెండు ప్రదర్శనలు చెబుతాను.

మొదటిది డార్లీన్ డ్రుయన్ అనే ఆవిడది. వైమానిక దళం కొనుగోళ్ళ శాఖలో ఏళ్ళ తరబడి పెద్ద అధికారిణి, బేరాల్లో గట్టిదని పేరు. 100 ఇంధన విమానాలు అద్దెకి తీసుకునే ఒప్పందం గురించి బోయింగ్ కంపెనీతో మాట్లాడింది ఆవిడే. 20 బిలియన్ డాలర్ల పైచిలుకు వ్యవహారం. అంతకుముందే, 2000లో, ఆవిడ అడిగిన మీదట ఆవిడ కూతురికీ కాబోయే అల్లుడికీ ఆ కంపెనీలో ఉద్యోగాలు వచ్చాయి. తరవాత ఆవిడకీ వచ్చింది, 2003 జనవరిలో. ఆవిడ ఇంకా ప్రభుత్వం తరఫున బేరమాడుతూ వుండగానే ఆ ఉద్యోగం మాటలు మొదలయ్యాయి, మధ్యవర్తి స్వయానా కూతురే. 2004లో నేరం ఒప్పుకుంది. దేశానికి నష్టమేమీ చెయ్యలేదని మొదట అన్నది. లై డిటెక్టర్ పరీక్షలో తేలాక, విమానాలకి ఇవ్వవలసినదానికంటే ఎక్కువ ధరకి ఒప్పుకున్నాననీ, వెళ్ళిపోతూ ఇచ్చిన కానుక వంటిదనీ చెప్పింది. తొమ్మిది నెలల శిక్ష పడింది. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ ఆర్థికాధికారికి నాలుగు నెలలు. కంపెనీ 2006లో 615 మిలియన్ డాలర్లు కట్టి బయటపడింది.

చూశారా, ఇందులో సంచుల్లో నోట్లు లేవు, అర్ధరాత్రి కార్లు లేవు. ఒక తల్లి కూతురి ఉద్యోగం గురించి ఒక మాట వేసింది. మన ఇళ్ళలో పెళ్ళి భోజనాల దగ్గర వేసుకునే మాటే. కెల్లర్ కూడా కొడుకుతో అదే అంటాడు, ఇదంతా నీ కోసమే చేశానని. ఆ వాదన వినగానే హాల్లో నా పక్కన కూర్చున్న మా ఆవిడ నావైపు చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలుసు. వారాంతాల్లో కూడా ఆస్పత్రికి పరిగెత్తే రోజుల్లో నేను చెప్పే జవాబూ అదే.

రెండోది ర్యాండీ కనింగ్‌హామ్‌ది. వియత్నాం యుద్ధంలో 1972లో శత్రు విమానాలు ఐదింటిని కూల్చిన నౌకాదళ పైలట్. కాలిఫోర్నియా నుంచి కాంగ్రెసుకి ఎన్నికై, రక్షణ ఖర్చులు తేల్చే ఉపసంఘంలో కూర్చున్నాడు. 2003లో ఆయన ఇంటిని ఒక మిలిటరీ కాంట్రాక్టరు 16 లక్షల 75 వేల డాలర్లకి కొని, 7 లక్షల నష్టానికి మళ్ళీ అమ్మాడు. అంత నష్టానికి ఇల్లెవరు అమ్ముతారని శాన్ డియేగో పేపరువాళ్ళకి అనుమానం వచ్చింది. తీగ లాగితే డొంకంతా కదిలింది: పడవ, రోల్స్ రాయిస్ కారు, పాతకాలపు సామాను, మొత్తం 24 లక్షల డాలర్ల లంచాలు. కాంగ్రెసు ముద్ర వున్న కాగితం మీద ఆయన స్వహస్తాలతో రాసుకున్న ధరల పట్టీ కూడా దొరికింది, మన ఉడిపి హోటలు గోడ మీద వున్నట్టు. ఇంత కాంట్రాక్టుకి పడవ, ఆ పైన ప్రతి మిలియన్‌కి 50 వేలు. 2006లో ఎనిమిదేళ్ళ నాలుగు నెలల శిక్ష వేశారు. అది పూర్తిచేసుకుని వచ్చాక 2021 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ షరతులతో క్షమాభిక్ష కూడా ఇచ్చాడు. నాకు బాధ కలిగించింది ఆ డబ్బు కాదు, ఆయన పైలట్ కావడం. కెల్లర్‌కి పైలట్లంటే ఎవరో దూరపువాళ్ళు. ఈయన ఆ సీట్లో కూర్చుని వచ్చినవాడు.

ఈ రెంటికీ ముందు ఇంకొకటి జరిగింది. నౌకాదళం కొనుగోళ్ళ మీద 1988లో బయటపడ్డ దర్యాప్తులో 60 మందికి పైగా అధికారులు, మధ్యవర్తులు, కంపెనీలవాళ్ళు నేరస్థులుగా తేలారు. నౌకాదళ సహాయ కార్యదర్శిగా పనిచేసిన మెల్విన్ పెయిస్లీ 1991లో నేరం ఒప్పుకుని జైలుకి వెళ్ళాడు. వెంటనే కొత్త చట్టాలు వచ్చాయి. అయినా పన్నెండేళ్ళు తిరిగేసరికి డ్రుయన్‌గారి అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. మందు వేస్తే జ్వరం తగ్గింది, జబ్బు మాత్రం వున్నచోటే వుంది.

ఇక్కడికి వచ్చాక మనకొక అలవాటు పట్టుకుంది. నలుగురం చేరితే "మన దేశంలో లంచం లేనిదే చీమ కదలదండీ" అని మొదలెడతాం. బోఫోర్స్ ఫిరంగుల దగ్గర ఎత్తుకుంటాం. 1986లో 410 ఫిరంగులకి ఒప్పందం, మరుసటి ఏడు స్వీడన్ రేడియో బయటపెట్టిన ముడుపుల కథ, దాంతో ఊగిపోయిన ప్రభుత్వం. ఆ తరవాత తప్పకుండా మన హైదరాబాదు మనిషి బంగారు లక్ష్మణ్ పేరు వస్తుంది. భారతీయ జనతా పార్టీ అధ్యక్షుడుగా వుంటూ, లేని కంపెనీ పేరుతో లేని ఆయుధాలు అమ్మవచ్చిన తెహల్కా విలేకరుల చేతుల నుంచి లక్ష రూపాయలు తీసుకుంటూ కెమెరాకి దొరికిపోయిన సంగతి 2001 మార్చిలో బయటపడింది. పార్టీ విరాళమని చెప్పుకున్నారు. 2012లో కోర్టు నాలుగేళ్ళ జైలు విధించింది. 2014లో కన్నుమూశారు. ఒక దళిత నాయకుడు ఆ పార్టీకి అధ్యక్షుడు కావడం అదే మొదలు, పతనం ఇలా జరిగింది.

ఆయన చేసింది తప్పే. కాని ఆ లక్ష రూపాయల గురించి గంటసేపు నవ్వుకునే మనం, కనింగ్‌హామ్ పేరు ఎత్తగా నేనెప్పుడూ వినలేదు. ఇక్కడి లంచం ఇంగ్లీషులో మాట్లాడుతుంది కాబట్టి మనకి లంచంలా వినపడదు కాబోలు. పైగా ఇక్కడ చాలాభాగం లంచం కావలసిన అవసరమే లేదు. ఎన్నికల విరాళం చట్టబద్ధం. పదవి దిగిన జనరల్ గడువు దాటాక కంపెనీ బోర్డులో చేరడం చట్టబద్ధం. ఒక యుద్ధవిమానం భాగాలు నలభైకి పైగా రాష్ట్రాల్లో తయారుచేయిస్తే, దాన్ని వద్దనడానికి ఏ కాంగ్రెసు సభ్యుడికి నోరు వస్తుంది? వాళ్ళ ఊళ్ళోనూ ఒక కెల్లర్ ఫ్యాక్టరీ వుంటుంది, అందులో నాలుగు వందలమంది పనిచేస్తూ వుంటారు. ఏటా 800 బిలియన్ డాలర్లు దాటే రక్షణ బడ్జెట్ ఈ పద్ధతిలోనే నడుస్తుంది. జైలుకి పోయేది ధరల పట్టీ కాగితం మీద రాసుకున్న తెలివితక్కువవాడు.

మా వృత్తి కూడా దీనికి అతీతం కాదని ఒప్పుకోవాలి. మందుల కంపెనీ తెచ్చిపెట్టిన మధ్యాహ్న భోజనం తిన్నందుకు నా చీటీ మారుతుందా అని నేనూ మీసం మెలేసినవాణ్ణే. 2016లో రెండున్నర లక్షల మందికి పైగా వైద్యుల లెక్కలు తీసి చూశారు. 20 డాలర్ల లోపు ఒక్క భోజనం తిన్నవాళ్ళు కూడా ఆ కంపెనీ మందు తక్కినవారికంటే ఎక్కువగా రాస్తున్నారని తేలింది. నాలో ఒకడు అది చదివి "నేను కాదులే" అన్నాడు. వాళ్ళందరూ అదే అని వుంటారు.

ఇప్పుడు డాక్టరు జిమ్ బేలిస్ దగ్గరకి వస్తాను. అతనికి పరిశోధన చెయ్యాలని కోరిక. ఒకసారి ఇల్లు వదిలి న్యూ ఆర్లియన్స్ పోయి, పాలూ అరటిపళ్ళతో కడుపు నింపుకుంటూ ఒక జబ్బు మీద పనిచేశాడు. భార్య వచ్చి ఏడిస్తే తిరిగి వచ్చేశాడు. ఇప్పుడు జబ్బు లేనివాళ్ళని చూసి ఫీజు తీసుకుంటున్నాడు. చివరి అంకంలో, అర్ధరాత్రి దాటాక, కెల్లర్ భార్యతో అతను చెబుతాడు: నిజం తనకి ఎప్పటినుంచో తెలుసునని. తెలిసీ రోజూ ఆ పెరట్లోకి వచ్చాడు. అతను దుర్మార్గుడు కాడు. ఆ నాటకంలో అందరికంటే మెత్తని మనసు అతనిదే. అందుకే నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకో చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక గృహప్రవేశంలో, భోజనాలయ్యాక, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద అయిన ఒక ఇంజనీరుగారు నన్ను పక్కకి పిలిచారు. నేను ఆయన్ని అన్నయ్యగారూ అంటాను. మిలిటరీకి వెళ్ళే ఒక చిన్న వాల్వుని ఇన్ని గంటలు ఒత్తిడిలో వుంచి పరీక్షించాలట. వాళ్ళ దగ్గర పరీక్ష పెట్టకుండానే, నిన్నటి అంకెలు ఇవాళ్టి కాగితం మీదకి ఎక్కిస్తున్నారు. ఆ కాగితం మీద ఆయన సంతకం కూడా వుండాలి. "ఏం చెయ్యమంటావు డాక్టరూ?" అన్నారు.

నాకు వెంటనే అర్థమయింది. ఆస్పత్రి వార్డులో రోగి ఊపిరి లెక్కపెట్టకుండా అందరికీ 16 అని రాసేసే అలవాటు మాకు కొత్తా? వందమందికి ఏమీ కాదు. నూటొకటోవాడికి ఆ అంకెతోనే చావు తెలియాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నేనన్నది ఏమిటంటే, "అన్నయ్యగారూ, అమ్మాయి కాలేజీ ఇంకా రెండేళ్ళేగా. అంతవరకు ఓపిక పట్టండి. మీరొక్కరు ఎందుకు బయటపడాలి?"

ఆయన "అంతేనంటావా" అని తాంబూలం తీసుకుని వెళ్ళిపోయారు. కొన్ని నెలలకి వేరే రాష్ట్రంలో ఉద్యోగం చూసుకున్నారు. ఆ వాల్వుల సంగతి ఏమయిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఫోనులో మాట్లాడినప్పుడల్లా పిల్లల చదువుల గురించే మాట్లాడుకుంటాం.

ఆ రోజు నేను చెప్పగలిగిన మంచి మాట ఒకటి వుండేది, నాకే తెలియదు. అంతర్యుద్ధంలో కాంట్రాక్టర్లు సైన్యానికి జబ్బు గుర్రాలూ పనికిరాని సరుకూ అమ్ముతుంటే, 1863లో లింకన్ హయాంలో ఒక చట్టం చేశారు. ప్రభుత్వాన్ని మోసం చేసేవాడి మీద మామూలు మనిషి కూడా ప్రభుత్వం తరఫున దావా వెయ్యవచ్చు. 1986లో దానికి పదును పెట్టారు. మోసం రుజువైతే నష్టానికి మూడింతలు కట్టించవచ్చు. గెలిస్తే దావా వేసినవాడికి వచ్చినదాంట్లో 15 నుంచి 30 శాతం దాకా వాటా ఇస్తారు. నోరు విప్పినందుకు ఉద్యోగంలోంచి తీసేస్తే దానికీ రక్షణ వుంది. దావా మొదట్లో రహస్యంగానే నడుస్తుంది. మనలో ఎంతోమంది ఇటువంటి కంపెనీల్లో వున్నారు కనుక ఈ సంగతి తెలిసివుండడం మంచిదని రాస్తున్నాను. అయితే వకీలు దగ్గరకి వెళ్ళేముందు మనిషి ఎవరో ఒక స్నేహితుడి దగ్గరకి వస్తాడు. ఆ స్నేహితుడు "ఓపిక పట్టు" అంటే చట్టం పుస్తకంలోనే వుండిపోతుంది.

మిల్లర్ నాటకంలో లోపాలు చెప్పాను, వెనక్కి తీసుకోను. కొన్నవాణ్ణి చూపించకపోవడం లోపమే. కాని ఇరుగుపొరుగుని ఆయన చూపించినంత సూటిగా ఇంకెవరూ చూపించలేదు. ఆ పెరట్లో నాకు మన సంఘం వనభోజనాలు కనిపించాయి. అక్కడ మనం ఎవరిని మెచ్చుకుంటున్నామో, ఎందుకు మెచ్చుకుంటున్నామో, మన పిల్లలు పక్కన పేపరు ప్లేట్లు పట్టుకుని వింటూ వుంటారు.

చివరగా సంఘం పెద్దలకి ఒక మనవి. ఏటా ఉగాదికి మనం వేసే హాస్యనాటికకి బదులు, ఒక్క ఏడాది ఈ నాటకాన్ని తెలుగు చేసి వేద్దాం. అనువాదం చెయ్యగలవారు మనలో వున్నారు. కెల్లర్ వేషానికి గంభీరమైన గొంతువున్నవారు కావాలి. తల్లి పాత్ర అన్నిటికంటే కష్టం, జాగ్రత్తగా ఎంచాలి. డాక్టరు వేషం మాత్రం నాకు ఇవ్వండి. దానికి నేను పెద్దగా నటించవలసిన పని లేదు.